ఎస్ నొక్కే అలవాటు

పటాన్‌చెరులో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో నాకు ఓపిక తక్కువ, ధీమా ఎక్కువ. కొన్ని సైట్లు తెరిస్తే తెర మధ్యలో ఒక పెట్టె వచ్చేది: ఈ సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్‌లో తేడా ఉంది, ముందుకు వెళ్లాలా? నేను చదివేవాణ్ణి కాదు, ఎస్ నొక్కేసేవాణ్ణి. ఎవరైనా అడిగితే కంప్యూటర్లకు చాదస్తం ఎక్కువని చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, జిన్నారం వైపు మందుల ఫ్యాక్టరీలో గేటు కాపలా కాసే ఒకాయన యూనిఫాంలోనే కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పంపాలి, ఆ రోజే ఆఖరు. అప్పుడే కరెంటు పోయి వచ్చింది. సైటు తెరిచాను, పెట్టె వచ్చింది. నా వేలు ఎస్ మీదికి పోబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తమ్మీ. గది ఏమంటున్నదో జెర చదువు. నా బిడ్డ వివరాలన్నీ దాంట్లకే పోతయి."

నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషు రాని మనిషి నాకు పాఠం చెప్పడమేమిటి? అయినా మొదటిసారి అందులోని మూడు వరుసలూ చదివి తెలుగులో చెప్పాను. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు నమ్మదగినవాళ్లే. దాని మీది పేరూ సైటు పేరూ ఒకటే. తేదీ మాత్రం చెల్లదు.

"గిది గేట్ పాసే కద," అన్నాడాయన. ఏ లారీ వచ్చినా తాను ఈ మూడే చూస్తాడట: సంతకం ఎవరిది, పేరు ఎవరిది, తేదీ ఎప్పటిది. ఒక్కటి తేడా వచ్చినా మేనేజరు బామ్మర్దినైనా ఆపుతాడట. ఆపి ఒకసారి తిట్లు కూడా తిన్నాడట.

మరి ఇప్పుడు వెనక్కి పోవాల్సిందేనా అని కూతురు అడిగింది. అప్పటికే ఆమె కళ్లలో నీళ్లు. ఆయన కంప్యూటర్ వైపు చెయ్యి చూపించాడు.

"పాస్ మీది తారీఖు సంగతి సరే. దాన్ని సూసే నీ కంప్యూటర్ క్యాలెండర్ సరిగున్నదా తమ్మీ?"

తెర కింది మూలన చూశాను. ఏళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ ఉంది. లోపల తేదీ గుర్తుపెట్టుకునే చిన్న సెల్లు అయిపోయింది, అందుకే కరెంటు పోయినప్పుడల్లా నా కంప్యూటర్ పాతకాలానికి పోతోంది. దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేసి మళ్లీ తెరిస్తే పెట్టె రాలేదు, దరఖాస్తు వెళ్లింది. నాకు మాత్రం సిగ్గేసింది. తప్పు నా తేదీదో సైటుదో చూసుకోకుండా ఎంతమందికి ఎస్ నొక్కానో! సాయంత్రానికి సెల్లు మార్పించాను. కొన్నాళ్లకు పేరు కలవని సైటు ఒకటి వస్తే నో నొక్కాను. ఆ పని మీద వచ్చినాయన తిట్టాడు, ఆ తిట్లు హాయిగా తిన్నాను.

నెల తర్వాత తండ్రీకూతుళ్లు హాల్ టికెట్ కోసం వచ్చారు. కాగితం ప్రింటర్‌లోంచి రాగానే ఆయనే అందుకుని పేరు, తేదీ, సంతకం ఎక్కడున్నాయో నన్నడిగి, ఒక్కోదాని మీద వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత దాన్ని కూతురి చేతికిచ్చి పక్కకు జరిగాడు.

"అన్ని సక్కగున్నయి బిడ్డా. ఇగ నిన్ను ఏ గేటు కాడ ఎవ్వరాపరు."