భూదేవి నెత్తి మీది ఎల్లమ్మ

“కత్తెర పెట్టినంక పిల్లకు జరమొస్తే ఎట్ల?”

రాణి ఆ మాట అడిగేటప్పటికి భర్త కుమార్ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో అతనికి రెండో షిఫ్టు.

“ఎంటికలు కోస్తే జరం రాదని నీ క్లాసుల నువ్వే చెప్తవ్ గదా?”

“చెప్పుడు వేరు, కోసుడు వేరు.”

రాణి ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. ఆమె కూతురు రిత్వికకు నాలుగేళ్లు. మాఘమాసంలో పిల్లకు అమ్మవారు పోసింది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లు నూనె పెట్టకూడదు, దువ్వెన తాకించకూడదు. అత్త ఐలమ్మ వేపాకు, పసుపు నూరి పిల్ల ఒళ్లంతా పూసింది. పొక్కులు మాడిపోయాయి, వేపనీళ్ల స్నానమూ అయింది. మెడ వెనక జుట్టు మాత్రం చెమటా పసుపూ పట్టి తాడులా బిగుసుకుపోయింది. రాణి దువ్వెన అందుకోగానే ఐలమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఆగు బిడ్డా. గిది చిక్కు గాదు. ఎల్లమ్మ జడ గట్టింది. ముట్టుకుంటే పిల్లను తన ఎంట కొంటవోతది.”

అది చిక్కేనని రాణికి తెలుసు. తెలిసినా చెయ్యి లేవలేదు. ఏ పిల్లకైనా ఎప్పుడో ఒకప్పుడు జ్వరం వస్తుంది. జుట్టు కోసిన వారంలోనే వస్తే? రెండింటికీ సంబంధం లేదంటే ఆ ఇంట్లో వినేవాళ్లు లేరు. తన మనసైనా వింటుందా అన్నది ఆమెకు అనుమానమే. రాత్రి పిల్ల పక్కన పడుకుంటే ఆ గట్టి ముద్ద ఆమె మోచేతికి తగిలేది, నిద్ర పట్టేది కాదు.

చివరికి ఐలమ్మే దారి చెప్పింది. “మానుకోట పక్కన భూదేవి ఉన్నది. ఆమె మీదికి ఎల్లమ్మ వస్తది. ఆమె ఔనంటే ఔను, కాదంటే కాదు.”

మంగళవారం అత్తాకోడళ్లు పిల్లను తీసుకుని బస్సెక్కి, మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దగ్గరున్న ఆ ఊరికి వెళ్లారు. వాకిలి నిండా జనం. ఎల్లమ్మ కొలుపుల్లో జమిడిక వాయించే బైండ్లాయన ఓ మూల కూర్చుని దాని తీగ బిగించుకుంటున్నాడు. ఎవరైనా పిల్ల గురించి అమ్మను అడగడానికి వస్తే, ముందు తల్లి ఒక్కతే ఆ పిల్లను లోపలికి తీసుకెళ్లి చూపించాలట. ఐలమ్మ బయట ఆగిపోయింది.

లోపల భూదేవి పీట మీద కూర్చుని టీ తాగుతోంది. యాభై దాటిన మనిషి. అట్టలు కట్టిన ఆమె జడలు భుజం మీంచి దిగి పక్కన ఇంకో పీట మీద ఉన్నాయి, అక్కడ ఎవరో కూర్చున్నట్టు. రిత్విక తల వంచి చూసి, చాలాసేపు ముద్దను వేళ్ల మధ్య తడిమింది.

“అమ్మవారు పోసిందా?”

“ఆ.”

“నాకూ గంతే.”

జనగామ దిక్కు తాళ్లెక్కి కల్లు గీసే గౌడు ఇంట్లో పుట్టింది భూదేవి. ఐదో తరగతిలో ఉండగా అమ్మవారు పోసి జుట్టు ఇలాగే జడ కట్టింది. ముందురోజు దాకా తనతో దాగుడుమూతలాడిన పిల్లలు వచ్చి ఆమె కాళ్లు మొక్కారు. ఆ తర్వాత ఎవ్వరూ ఆటకు పిలవలేదు. బడి ఆగింది. పెళ్లి మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. ఇప్పుడు ఉంటున్నది తమ్ముడి ఇల్లు. ఆ ఇల్లు నడిచేదీ ఈ మంగళవారాల మీదే. వానాకాలం జడలు తడిస్తే వారం దాకా ఆరవు, మెడ పట్టేస్తుంది. దవాఖానకు పోదు, పోతే తీసేయమంటారని భయం.

“ఏం కొలువు జేస్తవ్ బిడ్డా?”

“కాలేజీల పాఠం చెప్త, అక్కా.”

“అయితే నువ్వూ నా లెక్కనే. ఎవరన్న అడిగినంక తెల్వదనరాదు.” నవ్వితే ఆమె జడలు కూడా కదిలాయి.

రాణి తెగించి అడిగింది. “అక్కా, నిజంగ అమ్మ వస్తదా?”

“వస్తది. వచ్చిన దినం నాకేం యాదుండది. రాని దినం అన్నీ యాదుంటయ్.” టీ గ్లాసు కింద పెట్టింది. “యాదున్న దినాలే మస్తుగున్నయ్.”

“మరి నా పిల్ల నెత్తిల ఏం లేదని చెప్పరాదా?”

“చెప్తే మీ అత్త రేపు నా నెత్తి దిక్కు జూస్తది.”

తమ్ముడు తలుపు కొట్టాడు. “అక్కా, టైమయింది, జనం కూసున్నరు.”

భూదేవి వాకిట్లోకి వచ్చింది, జమిడిక మోగింది. భూదేవికి శిగమొచ్చింది, పూనకంతో ఒళ్లు ఊగింది, జడలు నేలను కొట్టాయి. ఐలమ్మ తెచ్చిన పళ్లెం ముందుకు జరిపింది. అందులో చీర, గాజులు, పసుపు కుంకుమ, అద్దం, దువ్వెన ఉన్నాయి. “తల్లీ, నా మన్మరాలి నెత్తిల ఉన్నవా?”

రాణి పిల్లను గట్టిగా హత్తుకుంది. భూదేవి పళ్లెంలోంచి దువ్వెన తీసింది.

“ఈ దువ్వెన ఎవ్వలికి దెచ్చినవే?”

ఐలమ్మ తడబడింది. “నీకే తల్లీ. నీ సింగారానికే.”

“నాకు దువ్వెన వెట్టి, పిల్లను దువ్వద్దంటవా? పొక్కులతోనే నేను పోయిన. ఒళ్లు కడిగిన్రు, నెత్తి ఇడిసిపెట్టిన్రు. ఆడ మిగిలింది మీ పసుపే. నూనె వెట్టి, దువ్వి, పువ్వు వెట్టు.”

ఐలమ్మ లెంపలు వేసుకుంది. అంతలో జనంలోంచి ఓ ముసలాయన గొంతెత్తాడు. “మరి ఈ భూదేవి నెత్తిల ఉన్నదేంది తల్లీ?”

భూదేవి ఊగడం ఆపింది. తమ్ముడు గబగబా పసుపునీళ్లు చల్లుతూ “తల్లి దిగింది, దిగింది” అని అరిచాడు. అది యాదుండే దినమో, యాదుండని దినమో రాణికి అర్థం కాలేదు. ఇప్పటికీ తెలియదు.

పోయేముందు రాణి వెనక గుమ్మం దగ్గర ఆమెను కలిసింది. పిల్ల నెత్తిలో అమ్మ లేదని చెప్పినందుకు తమ్ముడు అప్పటికే ఆమెతో మాట్లాడటం మానేశాడట.

“అక్కా, మీరు గూడ తీసెయ్యరాదా?”

“గిప్పుడా? గిది దీస్తే కింద ఎవలుంటరో నాకే తెల్వది బిడ్డా.” తన జడను అరచేతిలో పెట్టి బరువు చూసినట్టు చూసింది. “నన్ను ఇడిసిపెట్టు. నీకొకటి చెప్త. దొంగతనంగ దువ్వకు. అత్త నిద్రపోయినంక దువ్వితే, రేపు పిల్ల తుమ్మినా నీకు దడే. మీ అత్త చేతికి నూనె గిన్నె ఇచ్చి, పక్కన కూసోవెట్టుకొని దువ్వు. కొసల కెల్లి మొదలువెట్టు.”

ఇప్పుడు రోజూ పొద్దున తమ గని క్వార్టర్ ముందు మెట్ల మీద రాణి పిల్లను కూర్చోబెట్టుకుంటుంది. దువ్వడం అయ్యాక ఒకసారి పిల్ల నుదురు తాకి చూడటం ఇంకా మానలేదు. నూనె గిన్నె మాత్రం ఐలమ్మ చేతిలోనే ఉంటుంది.