పచ్చి పట్టీలు

"ఓబళప్పా, నువ్వు కొట్టిన వాకిలి పట్టీల సందులో బల్లి కాపురం పెట్టిండాది. వచ్చి చూసిపో" అని అంజనమ్మ తిరుమణి నుంచి మంగళవాడలో ఉండే వడ్రంగికి ఫోన్ చేసింది.

ఓబళప్ప చిత్రిక పక్కన పెట్టి బండి తీశాడు. తిరుమణి చేరేదాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. ఇలా అవుతుందని అతనికి ముందే తెలుసు. ఒళ్లు మండింది అందుకే.

అంజనమ్మ పొలం సోలార్ పార్కుకు కౌలుకిచ్చి ఇల్లు కట్టించింది. పైగదులు ఇంజినీర్లకు అద్దెకు. కాంట్రాక్టరు గోపికృష్ణ. వానాకాలంలో, వానలు ఎక్కువుండే మలెనాడు నుంచి చెక్క లారీలో దిగిన రోజే ఓబళప్ప తేమ మీటరు సూదులు గుచ్చి చూశాడు. ఇరవై రెండు శాతం చూపించింది. ఈ ఎండల సీమలో, అందులోనూ ఏసీ గదుల్లో, పదికి దిగితేగాని వాకిళ్ల చుట్టూ కొట్టే పట్టీ నిలవదు.

"సన్న రీపరు ముక్కలు మధ్యమధ్యలో పెట్టి, ఈ గదుల్లోనే పేర్చి పెడదాం సార్. నెల పట్టొచ్చు. గాలి తగిలి చెక్క ఎంత కుంచించుకోవాల్నో అంతా కుంచించుకోనీ" అన్నాడు.

"చెక్కేమన్నా మామిడికాయనా, మాగబెట్టేదానికి? నాలుగు దినాల్లో గృహప్రవేశం ఉండాది. కొట్టప్పా" అన్నాడు గోపికృష్ణ.

ఓబళప్ప కొట్టాడు. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడు, తప్పని తెలిసీ మొలలు దించాడు.

ఇప్పుడు చూస్తే ప్రతి వాకిలి మూలా నోరు తెరిచింది. రెండు పట్టీలు మొల దగ్గర నిలువునా పగిలాయి. గోపికృష్ణ అప్పటికే వచ్చి ఉన్నాడు.

"పనోడి చెయ్యి సరిలేదక్కా. సందుల్లో లప్పం పెట్టి రంగేపిస్తా" అంటున్నాడు అంజనమ్మతో.

ఓబళప్ప పలుగు దూర్చి మొదటి పట్టీ ఊడబెరికాడు. ఆ చప్పుడుకు పైనుంచి ఒక ఇంజినీరు తొంగి చూశాడు.

"ఏంది నువ్వు చేసేది?" గోపికృష్ణ ముందుకొచ్చాడు.

"పచ్చి చెక్క తెచ్చింది నువ్వు. వద్దని చెప్పినా వినలేదు నువ్వు. చెయ్యి మాత్రం నాది చెడిందా?" ఓబళప్ప అంజనమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నా తప్పూ ఉండాది. నీకు ఒక్క మాట చెప్పకుండా కొట్టినా. లప్పం పెడితే ఇంకోసారి మోసం చేసినట్టే. అన్నీ తీసేస్తా."

గోపికృష్ణ బండెక్కి పోయాడు. ఆ తర్వాత ఓబళప్పను ఏ పనికీ పిలవలేదు.

పగిలిన వాటికి బదులు కొత్త చెక్క తెచ్చి హాల్లో పేర్చాడు ఓబళప్ప. మూడు రోజులకోసారి వచ్చి మీటరు గుచ్చేవాడు. "ఇంగా ఎన్ని దినాలప్పా, కాలు పెట్టే జాగా లేదు" అని అంజనమ్మ విసుక్కునేది. "చెక్క చెప్పాల, నేను కాదు" అనేవాడు కటువుగా. అంకె పది దగ్గర కదలకుండా నిలిచాక పాతవీ కొత్తవీ చిత్రిక పట్టి, మూలలు మళ్లీ కోసి, బిగించాడు. ఎండాకాలం గడిచినా వెంట్రుక దూరే సందు రాలేదు.

ఒక పొద్దున తిరుమణి టీకొట్టులో గోపికృష్ణ ఎవరికో ఫోనులో అంజనమ్మ ఇంటి వాకిళ్ల ఫోటోలు చూపిస్తున్నాడు. "మన పనేనప్పా. చెక్క బాగా ఆరబెట్టి చేపిస్తాం" అంటున్నాడు.

ఓబళప్ప చేతిలోని టీ సగమే తాగాడు. గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టి ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఆరబెట్టింది ఎవురో కూడా చెప్పు" అన్నాడు.

గోపికృష్ణ ఫోను జేబులో వేసుకున్నాడు.