పొద్దుగూకే వేళ ఆకలి

గత నెల మా ఆవిడను డెలానీపూర్‌లో ఒక ఆయుర్వేద వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్లాను. మా ఆవిడకు ఏళ్ల తరబడి గుండెల్లో మంట, పులితేన్పులు. మన దీవుల్లోనే పుట్టి పెరిగిన ఆ తెలుగు డాక్టరమ్మ మందు మాట ఎత్తకుండా, నిద్ర లేచేది ఎప్పుడు, భోజనం ఎప్పుడు అంటూ మా రోజు ఎలా గడుస్తుందో అడిగింది. రాత్రి తొమ్మిదికి ఇద్దరం కలిసే తింటామని నేనే కాస్త గొప్పగా చెప్పాను.

"అంకుల్, ఆప్ రుకియే. ఆంటీని చెప్పనీయండి. ఆకలి ఎప్పుడేస్తాది ఆంటీ?"

"ఏసీది డాక్టరమ్మా, పొద్దుగూకినప్పుడు. ఇప్పుడు అదీ నేదు," అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

ఆయుర్వేదంలో మందుకంటే ముందు దినచర్య అని డాక్టరమ్మ చెప్పింది. పొట్టలోని అగ్ని సూర్యుడితో పాటు మధ్యాహ్నం మండి, సాయంత్రానికి తగ్గుతుందట. అందుకే పెద్ద భోజనం మధ్యాహ్నం, తేలికైనది పొద్దుగూకే వేళకు, ఆ తరువాత కొంత ఎడంతో నిద్ర. మన దీవుల్లో గడియారం మెయిన్‌ల్యాండ్‌దే గాని, బాగా తూర్పున ఉండటంతో పొద్దు ముందే వాలిపోతుంది కనుక, ఇక్కడ తొమ్మిదంటే బాగా పొద్దుపోయినట్టేనని కూడా అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేపలవేట చేసుకున్న మనిషి. ఆ ఇంట్లో నీళ్ల మీద ఇంకా ఎండ ఉండగానే అన్నం, చేపల పులుసు వడ్డించేవారు, తెల్లవారకముందే లేచేవారు. కొత్త అల్లుడిగా వెళ్లిన నన్ను ఆ వేళకే పీట మీద కూర్చోబెడితే, ఇది టీ తాగే టైమ్ కదా అని నవ్వాను.

"ఒలే, అల్లుడుగారికి ఢిల్లీ టైము ఆకలంటమ్మా, చాయ్ ఎట్టు," అని ఆయన మా అత్తగారితో అంటే అందరూ నవ్వారు. ఆఫీసు ఉద్యోగిని కదా, చీకటి పడకుండా తినడం కరెంటు లేని వాళ్ల అలవాటని అనుకున్నాను.

కాపురం పెట్టాక ఆఫీసు అయిపోగానే బతు బస్తీలో స్నేహితుల ఇంటికి క్యారమ్స్ ఆడటానికి పోయి, వార్తలు కూడా అయ్యాక ఇల్లు చేరేవాణ్ణి. భర్తకంటే ముందు తినకూడదన్నది మా ఇంటి పద్ధతి. ఆకలవుతోందని, తినేయనా అని ఆమె ఒకసారి అడిగింది. చిన్నపిల్లవా, ఆగలేవా అన్నాను. మళ్లీ అడగలేదు. పాలు లేని టీతో ఆకలిని చంపుకునేదని నాకు తెలుసు. తెలిసీ, ఆ కాచుకోవడం నా మీద ప్రేమేనని సంతోషించాను. మన తరం మగవాళ్లలో చాలామందికి ఇది వింతగా తోచదనుకుంటాను.

మంట తగ్గడానికి మందు ఉందిగాని, పోయిన ఆకలి తిరిగి రావడం తన చేతిలో లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి వెలుగుండగానే ఇద్దరం కూర్చుంటున్నాం. ఆమె రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. నా కోసం తింటోందని తెలుస్తూనే ఉండేది.

నిన్న బాంబూఫ్లాట్‌లో పని మీద ఉండిపోయి, చాతంలో ఫెర్రీ దిగి ఇల్లు చేరేసరికి దీపాలు వెలిగాయి. ఆమె కంచం కడిగి బోర్లించి ఉంది. తప్పు చేసినదానిలా గుమ్మంలో నిలబడింది.

"కడుపులో నకనకలాడిపోనాది. ఉండలేక తినీసేను."

మంచి పని చేశావని మాత్రం అనగలిగాను. ఇప్పుడు మామగారి పేటలో కూడా సీరియళ్లు అయ్యాకే భోజనాలట, నీళ్ల మీద ఎండ ఉండగా తినేవాళ్లు అక్కడ ఎవరూ మిగల్లేదు. మా ఇంట్లో మాత్రం, ముసలితనంలో, అలా తినే మనిషి ఒకరున్నారు. చల్లారిన అన్నం నేనే వడ్డించుకుని, ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను.