మల్లయ్య కార్డుకు వెలిగిన ఎర్ర దీపం

నాంపల్లిలో మా ఆఫీసులో భూముల కాగితాలు చూసి నేను ఒక మిషన్ మీద, కంప్యూటర్ చదివే కార్డులకు అంకెల చిల్లులు కొడతాను. అవే కాగితాలు చూసి సత్తెమ్మక్క రెండో మిషన్ మీద మళ్లీ కొడుతుంది. ఇద్దరిదీ కలవకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. ఈ రోజు మధ్యాహ్నం వెలిగింది.

"ఏంది తమ్మీ, కాగితంల ఇరవై ఎకరాలుంటే సున్నా కొట్టినవ్?"

"మల్లయ్య మా ఊరి దొర దగ్గర జీతగాడక్కా. ఎక్కువున్న భూమి సర్కారు గుంజుకుంటదని దొర తన భూమి ఆయన పేరు మీద రాయించిండు. మల్లయ్యకు గుంట జాగ లేదు."

"గసొంటి దొర మా ఊర్ల గూడ ఉన్నడు. నాకెర్కనే. మిషన్‌కు ఎర్క లేదు గదా. జర మళ్ల కొట్టు."

అబద్ధం కొట్టనని గొంతు చించుకున్నాను. సూపర్‌వైజర్ లేచి నిలబడ్డాడు. అక్క నౌకరీకి కూడా ఎసరొస్తుందని పళ్లు కొరుక్కుంటూ ఇరవై కొట్టాను. ఈసారి దీపం వెలగలేదు. సరిపోయిందని మిషన్ కార్డు అంచున చిన్న గాటు పెట్టింది.

సాయంత్రం ఆబిడ్స్‌లో నడుస్తుంటే తట్టింది. ఇద్దరు మనుషులు, రెండు మిషన్లు కలిసి ఆ భూమి మల్లయ్యదేనని తేల్చాం. ఆ సంగతి మల్లయ్యకే తెలియదు. ఆదివారం కాచిగూడలో రైలెక్కి చెప్పి వస్తాను. ఈ గోడపత్రిక చదివినవాళ్లలో నాతో ఎవరొస్తారు?