అత్త రవిక మీద మరక

మొన్న మా కోడలు గది తలుపు దగ్గరగా వేసి, "అత్తా, రొమ్ములో చిన్న గడ్డలాగా తగులుతోంది, నెలసరి ముందు ఇట్టా మామూలేనా?" అని అడిగింది. మామూలే కావచ్చు, అయినా రేపే డాక్టరుకు చూపిద్దాం అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నా నోటికి వచ్చిందంటే అది మా అత్త పుణ్యమే.

నెల్లూరు వైపు కోట అనే ఊళ్లో మా ఇంట్లో ఆమె మాటకు ఎదురుండేది కాదు. రొయ్యల గుంట గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి గట్టు మీద మనిషి ఆగిపోయేవాడు. అలాంటామె ఒక వేసవిలో ఉన్నట్టుండి మెత్తబడింది. తన రవికలు తనే ఉతుక్కుని, చీర చాటున ఆరేసుకునేది. మంచి చీరలన్నీ నాకూ నా తోడికోడలికీ పంచేసింది. ఇంకా వింతేమిటంటే, ఏదో పెళ్లిలో వడ్డన దగ్గర మాటామాటా పెరిగి ఏళ్ల తరబడి పలకరింపులు లేని తన ఆడపడుచుకు తనే ఫోన్ చేసి, "ఏం వదినా, బాగుండావా?" అంది. ఆ పలకరింపుకే హడలిపోయి ఆవిడ తన ఊరు సంగం నుంచి పరుగున వచ్చేసింది.

ఆరేసిన రవికకు ఒకవైపే వదలని మరక చూసి నేను అడిగాను. అత్త ఆ రవికను లాక్కుని మడత పెట్టేసింది. "చనుమొన నుంచి రక్తం వస్తా ఉండాదే. మా అమ్మా ఇట్టాంటి జబ్బుతోనే పోయింది. ఎవురికీ చెప్పబాక," అంది.

వెనకే నిలబడున్న ఆడపడుచు విననే విన్నది. "పోయేదానివైతే పోదువుగానిలే, ముందు చూపించుకోని పో," అని నెల్లూరు బయల్దేరదీసింది.

అక్కడ డాక్టరమ్మ చేత్తో చూసి, ఎక్స్‌రే ఫిల్మూ స్కానూ తీయించింది. "పాలు వచ్చే సన్నటి గొట్టంలో పులిపిరి లాంటిది పెరిగినట్టుందమ్మా. ఇట్టాంటివి ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కానీ పిండకుండా, ఒకవైపే, దానంతటదే రక్తం వస్తుంటే ఊరుకోకూడదు. తీసి పరీక్షకు పంపిద్దాం," అంది.

చిన్న ఆపరేషనే. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సర్ కాదని తెలిసిన రోజు ఆటోలో అత్త తన పక్కనున్న ఆడపడుచు వైపు తిరిగి, "తెలిసుంటే నీతో మాట్లాడకపోదును గదా వదినా," అంది. "ఇప్పుడైనా మానుకో, ఎవురొద్దన్నారు?" అంది ఆవిడ. ఇద్దరూ మానలేదు.

తనకదే ఆఖరిదని అత్త అనుకున్న ఆ వేసవి నాకు ఒక్కో రోజూ విడివిడిగా గుర్తుంది. ఆ తర్వాత ఆమెతో గడిచిన వేసవులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఏది ఏదో చెప్పలేకుండా ఉన్నాయి.