బురదంటే ఏ బురద?

మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తాకు ఉన్నది ఒకటే రోగం. ఆయన ముందు బురద అని ఊరుకుంటే కుదరదు. కాలికి అంటితే బురద, కాలు దిగబడితే అడుసు, మోకాలిదాకా మింగితే రొంపి, తనంతట తాను కదిలొస్తే పారుడు బురద. ఓసారి వాళ్లావిడ చెప్పులకేదో అంటిందంటే, వంగి చూసి దాని పేరు తేల్చేలోపు ఇల్లంతా పాకేసిందట.

అలాంటివాడి బల్ల ముందుకొచ్చి పడింది కుట్టుపనావిడ. ఆవిడ ఇల్లు మట్టిదిబ్బ కింద. మూడ్రోజుల వానకి వెనక గోడ లోపలికి ఒరుగుతోంది. గోడకానుకునే కుట్టుమిషను, దాని పక్కనే మంచంలో లేవలేని అత్తగారు. ఇంటి వెనక బురద అని కాగితం రాయించుకొచ్చింది.

"ఏ బురదమ్మా?"

"బురదకు ఇంటిపేరు కూడా ఉంటుందా బాబూ?"

"నిలబడి ఉందా, నడుస్తోందా?"

"మీరొచ్చి వేలు పట్టుకుని నడిపించండి."

వెనక వరుసంతా కిసుక్కుమంది. గుమాస్తా మాత్రం నవ్వలేదు. ఇంటికెళ్లి బురదలో ఓ పుల్ల గుచ్చి, గంటలో ఎంత జరిగిందో కొలిచి రమ్మన్నాడు. ఆయన వంశాన్ని ఏడు తరాలు వెనక్కి తిట్టుకుంటూ వెళ్లిందావిడ. గంట తర్వాత బట్టలు కొలిచే టేపుతోనే వచ్చింది. పుల్ల జానెడు జరిగింది.

గుమాస్తా కాగితంలో బురద అన్న మాట కొట్టేసి పారుడు బురద అని రాశాడు, పక్కన జానెడు లెక్క వేశాడు. గోడ కూలుతుంటే ఈ మహానుభావుడు మాటలు దిద్దుతున్నాడని ఆవిడ గుమ్మందాకా సణుగుతూనే ఉంది.

ఇంటికి చేరేసరికి వెనకాలే ఇంజినీరు, నలుగురు మనుషులు, వాసాలు, ఇసుక బస్తాలు. సాయంత్రానికల్లా గోడకు ఊతలు పెట్టేశారు. ఇంత తొందరేమిటని అడిగితే ఇంజినీరు మొహం ముడుచుకున్నాడు.

"ఉత్త బురదైతే మీ కాగితాన్ని ఊడ్చేవాళ్ల బీరువాలో పడేసేవాళ్లమమ్మా. దాని తాళంచెవి పోయి రెండేళ్లయింది. పారుతోందంటే ఆ రోజే రావాలి, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఆ రూలు చదివింది ఆయనొక్కడే. కొలతలేని కాగితమైతే ఎలాగూ వెనక్కి కొట్టేసేవాణ్ని."

మర్నాడు ఆవిడ ఆఫీసుకెళ్లింది. గుమాస్తాకు దణ్ణం పెడదామని చేతులెత్తబోయింది. చినిగి వేలాడుతున్న ఆయన చొక్కా జేబు కనబడింది. విప్పమని గదమాయించి, బల్ల మూలన కూర్చుని కుట్టసాగింది.

ఆ పూట ఆఫీసులో పనిచేస్తూ కనబడినవాడు బనియనుతో ఉన్న ఆ ఒక్కడే.