చెడ్డ వార్త ముందు చెప్పాలి

నిన్న పొద్దున చింతామణి మార్కెట్‌లో టొమాటో క్రేట్లు దించుతుంటే మా కబడ్డీ టీమ్‌లో కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు.

"అన్నా, సార్ ఇంక లేడు. గుండె నొప్పంట."

ఫోన్ జేబులో పెట్టి ఇంకో క్రేట్ దించాను.

నంజుండప్ప సార్. ఆర్మీలో హవల్దారుగా రిటైరై వచ్చి, బాగేపల్లిలో మాకు కబడ్డీ నేర్పించారు. తొమ్మిదిలో స్కూల్ మానేసి ఏ పనిలోనూ నిలవని నన్ను కెప్టెన్ చేశారు.

రోజూ ప్రాక్టీస్ మొదలయ్యే ముందు ఒకటే మాట. "చెడ్డ వార్త ముందు." మోకాలి నొప్పి, ఇంట్లో గొడవ, నిన్న డుమ్మా ఎందుకు కొట్టాం, ఏదున్నా అప్పుడే చెప్పేయాలి. చెప్పినవాణ్ణి ఒక్క మాట అనేవారు కాదు.

ఆ రూల్ ఎందుకు పెట్టారో ఒకసారి చెప్పారు. బోర్డర్ పోస్ట్‌లో తన కింద పనిచేసే ఒక కుర్ర జవాను, వైర్‌లెస్ బ్యాటరీ పాడైందని తెలిసినా తిడతారని దాచాడట. ఇంకో జవాను మంచులో జారి పడినప్పుడు సాయానికి పిలుద్దామంటే సెట్ పలకలేదు. పడినవాడి కాలు తీసేయాల్సి వచ్చిందట.

"దాచినోడిది కాదురా తప్పు. వాణ్ణి అంత భయపెట్టిండే నాది."

ఇంట్లోనూ అదే రూల్. ఒకరోజు మేమంతా వాళ్ళింట్లో సార్ భార్య పెట్టిన ఉప్మా తింటున్నాం. ఆమెని మేం అమ్మ అనే పిలుస్తాం. కూతురు కావ్య వచ్చి, పీయూసీ మ్యాథ్స్‌లో ఫెయిల్ అయ్యానని అందరి ముందే చెప్పేసింది. మేం తలెత్తలేదు. సార్ లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"చెప్పేసినావు గదమ్మా. సగం బరువు దిగిపాయ. తాగు."

మా ఇంట్లో అయితే ఆ గ్లాసు గోడకి తగిలేది.

ఇప్పుడు నా చెడ్డ వార్త.

పోయిన ఆదివారం గ్రౌండ్‌లో మిగతా వాళ్ళు రౌండ్లు కొడుతున్నారు. సార్ ఉన్నట్టుండి గట్టు మీద కూర్చున్నారు. ఎడమ చెయ్యి పట్టుకున్నారు. చొక్కా మొత్తం చెమట. నీళ్ళిచ్చాను.

"ఇంట్లో చెప్పొద్దురా మంజూ. అమ్మకి బేజారు ఎందుకు? నేనే డాక్టర్ దగ్గరికి పోతాలే."

సరే సార్ అన్నాను.

నాన్న మాట వినలేదు, మేష్ట్రు మాట వినలేదు. జీవితంలో ఒక్కసారి చెప్పిన మాట విన్నాను.

పైగా గర్వపడ్డాను. ఇంతమందిలో నన్నే నమ్మారు కదా అని.

మంగళవారం వాళ్ళింటికి టొమాటోలు ఇచ్చిరావడానికి వెళ్తే అమ్మ అడిగింది. "మీ సారు శానా అలిసిపోతాండాడు. ఏమప్పా, గ్రౌండ్‌లో ఏమన్నా అయిందా?"

నేను ఆమె మొహం చూడకుండా, "ఎండలు గదమ్మా" అన్నాను.

సార్ డాక్టర్ దగ్గరికి వెళ్ళనేలేదు.

నిన్న సార్‌ని మట్టి చేశాక అందరూ వెళ్ళిపోయారు. అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. ఆదివారం సంగతి, మంగళవారం ఆడిన అబద్ధం. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. అమ్మ పక్కింటివాళ్ళు ఇచ్చిన ఫ్లాస్కు మూత తీసి, గ్లాసులో కాఫీ పోసి నా చేతికిచ్చింది.

"చెప్పినావు గదప్పా. తాగు."

తాగాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. ఈ పోస్ట్ రాస్తుంటే కూడా వేస్తోంది.

టీమ్ పిల్లలూ, రేపు గ్రౌండ్‌కి రండి. చెడ్డ వార్త ముందు. చెప్పొద్దని ఎవరు చెప్పినా వినొద్దు. నేను చెప్పినా వినొద్దు.

సార్, ఆ ఒక్క ఆర్డర్ నేను వినకుండా ఉండాల్సింది.

వెళ్ళిరండి. అక్కడైనా మీ బరువు దించుకుని నిమ్మళంగా ఉండండి.